ముందు బండి, తర్వాత బ్యాటరీ

మా ఇంట్లో బీరువా అడుగు అరలో, దుప్పట్ల పక్కన ఒక నల్లటి బ్యాటరీ ఉంది. మూరెడు పొడవు ఉంటుంది. నెలకోసారి దాన్ని బయటికి తీసి, సగం వరకు చార్జి పెట్టి, మళ్లీ అక్కడే పడుకోబెడతాను. ఎండాకాలం ఏసీ ఆపేసి సెలవు మీద వెళ్లాల్సి వస్తే పక్కింటివాళ్లకు అప్పగించి వెళ్తాను. "కుండీల్లో మొక్కల్ని అప్పజెప్పేవాళ్లను చూశాను గానీ బ్యాటరీని అప్పజెప్పే మొగుణ్ణి మిమ్మల్నే చూశాను" అని మా ఆవిడ దెప్పుతుంది. దెప్పనీ. ఆ బ్యాటరీ సొంతదారు ఆజ్ఞ అలాంటిది.

పోయిన సోమవారం పొద్దున ఆఫీసుకు బయల్దేరుతుంటే ఫోన్లో కబురు వచ్చింది. పంపింది ఆ బ్యాటరీ సొంతదారు భర్త, మేమంతా బావగారు అని పిలిచే మనిషి. వరంగల్లో, నిద్రలోనే, ఆవిడ పోయిందట. వేసుకున్న బూట్లు విప్పేసి, బీరువా తెరిచి, ఆ బ్యాటరీని ఒళ్లో పెట్టుకుని మంచం మీద కూర్చున్నాను. ఏడుపు వచ్చింది. ఏడ్చాను. అందులో దాచుకునేదేమీ లేదు.

ఆవిడ పేరు రాయను. రాసినా ఎవరూ గుర్తుపట్టరు, ఎందుకంటే దుబాయ్ అల్ కుసైస్‌లోని మా బిల్డింగులో తెలుగువాళ్లందరికీ ఆవిడ ఉత్త అక్క. మాకే కాదు, కింద కిరాణా కొట్టు నడిపే మలయాళీకి కూడా "అక్కా"యే. జెబెల్ అలీ రేవును ఆనుకున్న ఫ్రీ జోన్‌లో ఒక గోడౌను ఆఫీసులో పనిచేసేది. ఏ సరుకు ఏ కంటెయినర్‌లో ఎక్కాలి, ఏది అడుగున ఉండాలి, ఏది పైన ఉండాలి, ఎంత బరువు దాటితే ఓడవాడు ఒప్పుకోడు, ఇవీ ఆవిడ చూసే పనులు. సాయంత్రం ఇంటికొచ్చాక కూడా ఆ పని వదిలేది కాదు. మా బిల్డింగులో ఎవరు ఊరికి ప్రయాణమైనా, లగేజీ ముందు ఆవిడ చేతికి తగలాల్సిందే.

దుబాయ్‌లో బతికేవాడికి బరువంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. పాలపొడి డబ్బాలు, బాదం పప్పులు, సెంట్లు, అత్తగారికి దుప్పటి, బామ్మర్దికి బూట్లు, అన్నీ సర్దుకుని, విమానం వాడి దగ్గర సగం బయటికి తీసి దిక్కులు చూడని వాడు మాలో లేడు. అక్క ఉన్నచోట మాత్రం ఆ అవమానం జరగలేదు. సూట్‌కేసు పిడిలో చూపుడు వేలొక్కటే పెట్టి, కళ్లు మూసుకుని, నేల మీంచి అంగుళం లేపేది. లేపి అంకె చెప్పేది. తర్వాత పర్సులోంచి కొక్కెం ఉన్న చిన్న కాంటా తీసి తగిలిస్తే ఆ అంకే వచ్చేది. అప్పుడు గొప్పలు పోయేది కాదు, తిట్లు మొదలుపెట్టేది.

"ఖాళీ పెట్టె ఎంత బరువుందో జూస్కున్నవా ముందుగాల? జూడవు. రంగు మంచిగుందని కొంటవు. ఖాళీ పెట్టె బరువు తెల్వకుండ నింపేటోనికి ఎయిర్‌పోర్ట్‌లనే తెలుస్తది తమ్మీ!"

ఆ తమ్మీ నేనే. కాకినాడ వాణ్ణి, లెక్కల ఆఫీసులో కూర్చుని కూర్చుని నడుము దగ్గర బలిసినవాణ్ణి. ఆ బలుపు తగ్గించుకోవడానికే మా శుక్రవారం జట్టులో చేరాను. తూర్పు తీరాన కల్బా వైపు కొండల్లో సైకిళ్లు తొక్కే జట్టు అది. చలికాలం నెలల్లో, సెలవు రోజు పొద్దున్నే సైకిళ్లు వ్యానులో వేసుకుని వెళ్లేవాళ్లం. జట్టు పెద్ద నెల్లూరు భాయ్. కార్ల ఏసీలు బాగుచేసే షాపు ఆయనది. అక్కను ఆయన ఉర్దూలో ఆపా అని పిలిచేవాడు. అక్క మాలో అందరికన్నా పెద్దది, అందరికన్నా ముందుండేది. చున్నీని నడుముకు బిగించి, హెల్మెట్ పెట్టుకుని, చెప్పుల్లో తొక్కేది మొదట్లో. భాయ్ గొడవ పడితే బూట్లు కొంది.

ఆ దారిలో సగం పైన ఒక చోటుంది. మేం దాన్ని మెట్టు అనేవాళ్లం. అడ్డంగా పడ్డ రాతి పలక, మనిషి ఛాతీ ఎత్తు. సైకిల్ భుజాన వేసుకుని పక్కనున్న బండల మీద కాళ్లు మోపుకుంటూ ఎక్కాలి. ఎక్కితే అవతల కొండ అంచు నుంచి సముద్రం కనిపిస్తుంది. భాయ్ పెట్టిన రూల్ ఒకటే: మెట్టు దగ్గర ఎవరి బండి వాళ్లే మోసుకోవాలి. అవతలికి ఏ వాహనమూ రాదు. తన బండి తాను ఎత్తలేనివాడు అవతల కాలు విరగ్గొట్టుకుంటే వాణ్ణీ, వాడి బండినీ ఎవరు దించాలి? ఒకసారి అలా దించాల్సి వచ్చింది కూడా. ఆ రోజు నుంచి రూల్ రూలే. అక్క దాన్ని ఎన్ని శుక్రవారాలు దాటిందో నాకు లెక్క లేదు. దాటి, అంచున కూర్చుని, ఉడకబెట్టిన వేరుశెనక్కాయల సంచి విప్పి, "తినుండ్రి" అనేది. ఆవిడకు పండగంటే అదే.

తర్వాత ఆవిడ గుండెలో స్టెంట్ పడింది.

డాక్టర్ మంచివాడే. సైకిల్ మానమనలేదు. ఎక్కుడు దారుల్లో గుండెను పరిగెత్తించొద్దన్నాడు, ఒక్కసారిగా పెద్ద బరువు ఎత్తొద్దన్నాడు. మోటారు సాయం ఉన్న కొండ సైకిళ్లు అప్పుడప్పుడే దుబాయ్ షాపుల్లోకి వస్తున్న రోజులవి, 2017 ప్రాంతం. పెడల్ మనం తొక్కుతుంటే మోటారు కింద నుంచి తోస్తుంది. గుండెకు హాయి. కానీ ఆ బండి మామూలు కొండ సైకిల్‌కు ఒకటిన్నర రెట్లు బరువు. మోటారు లేకపోతే గుండె ఒప్పుకోదు, మోటారుంటే మెట్టు ఒప్పుకోదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"వ్యాన్ల కూసొని మీరొచ్చేదాంక ఎదురు సూడమంటరా?" అంది అక్క. "గది నాతోని గాదు. మెట్టు దాటి సముద్రం జూస్త. నా బండి నేనే ఎత్తుకొని జూస్త."

షాపుకు నన్ను తోడు తీసుకెళ్లింది. అక్కడ రెండు బండ్లు పక్కపక్కనే నిలబెట్టి ఉన్నాయి. రెండింటికీ ఒకే మోటారు. పర్సులోంచి కాంటా తీసి, సీటు కింద కొక్కెం తగిలించి, "పట్టు తమ్మీ" అంది. షాపు కుర్రాడు బిత్తరపోయి చూస్తున్నాడు. ఒక బండికీ ఇంకో బండికీ ఆరు కిలోల తేడా వచ్చింది.

"మోటర్ ఒక్కటే అయితే గీ ఆరు కిలోలు ఏడికెళ్లి ఒచ్చినయ్?"

కుర్రాడు హిందీలో ఏదో చెప్పబోయాడు, అది పైరకం మేడమ్, అని. పైరకం అనేది ఏ భాగంలో ఉందో చూపించమంది. అప్పుడు మొదలైంది తనిఖీ. ముందు బ్యాటరీ ఊడదీయించి, ఖాళీ బండిని తూచింది. ఖాళీ పెట్టె! చట్రం అల్యూమినియం అయితే ఒక బరువు, కార్బన్ అయితే ఇంకాస్త తేలిక. కార్బన్ చట్రంతో మూడో బండి ఒకటి ఉంటే దాని రేటు చీటీ చూసి, "గిది కొంటే ఇంకో స్టెంట్ ఏస్కోవాలె" అని పక్కకు జరిగింది. బరువు బండికి వెనక చక్రం పైన కూడా స్ప్రింగు, దాని చుట్టూ ఇనుప కీళ్లు. ముందు ఫోర్కు లావుగా, పొడుగ్గా ఉంది. టైర్లు బలిసి ఉన్నాయి, బ్రేకు పళ్లాలు పెద్దవి. అంత బరువు దూకుళ్లకు తట్టుకోవాలని చట్రం గొట్టాలు కూడా మందం చేశారు. ఒక బరువు ఇంకో బరువును పిలుచుకొస్తుందన్నమాట. ఇక బ్యాటరీ. బరువు బండి బ్యాటరీ తేలిక బండి బ్యాటరీకన్నా చాలా పెద్దది, పెద్దదంటే లోపల సెల్లులు ఎక్కువ.

"ఇది రోజంతా వస్తుంది మేడమ్" అన్నాడు కుర్రాడు ఆశగా.

"బేటా, మై ఒమాన్ తక్ నహీ జా రహీ" అంది అక్క, ఒమాన్ దాకా పోవడం లేదని. తర్వాత నా వైపు తిరిగి, "బ్యాటరీ అంటే సామాను తమ్మీ. ఎన్ని దినాలకు పోతున్నవో అన్ని బట్టలే పెట్టుకోవాలె. మెట్టు దాంక పోవాలె, రావాలె. గంతకు చిన్నది సాలు."

వెనక స్ప్రింగు ఉంటే నడుముకు సుఖం అక్కా అన్నాను, నా నడుము గుర్తొచ్చి.

"సుఖమే. ఆ సుఖాన్ని మెట్టు మీదికి ఎవడు మోస్తడు, నువ్వా?"

చిన్న బ్యాటరీ, అల్యూమినియం చట్రం, ముందు మాత్రమే స్ప్రింగు ఉన్న తేలిక బండిని కొనుక్కుంది.

అక్కడితో ఆగితే ఆవిడ అక్క ఎందుకవుతుంది? ఇంటికి తెచ్చాక దాన్ని ఇంకా తగ్గించాలని పట్టుబట్టింది. స్టాండు తీసేసింది, గంట తీసేసింది, మడ్‌గార్డులు తీసేసింది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు, అన్నీ కలిపి తూస్తే టీ పొడి ప్యాకెట్టంత కూడా రాలేదు. అప్పుడు మా ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చింది. అది గల్ఫ్‌వాళ్లకు తప్ప ఇంకెవరికీ రాదు. లగేజీ ఎక్కువైతే మనం మొదట ఏం పారేస్తాం? అట్టపెట్టెలు. బొమ్మ ఉంచుకుని దాని పెట్టె పారేస్తాం. సెంటు సీసా ఉంచుకుని పైడబ్బా పారేస్తాం. బండి మీద అట్టపెట్టెలా కనిపించింది టైరు. ఇంత మందం రబ్బరు ఎందుకు? విప్పేసి, పల్చటివి వేశాం. కిలోకు దగ్గరగా తగ్గింది. ఆ సాయంత్రం అక్క సాసర్లో టీ పోసుకుని తాగుతూ, శబ్దం లేకుండా భుజాలు కదిలేలా నవ్వింది. ఆవిడ నవ్వు అలాగే ఉండేది.

శుక్రవారం కొండ మొదట్లోనే పదునైన రాయి ఒకటి ఆ పల్చటి టైరును పక్క నుంచి చీరేసింది. మెట్టు కంటికి కూడా కనబడలేదు. అక్క బండిని నడిపించుకుంటూ కిందికి దిగింది. నేను వెంట నడిచాను.

"అట్టపెట్టె గాదు తమ్మీ" అంది వ్యాను దగ్గర చీలికలో వేలు పెట్టి చూస్తూ. "చెప్పు. బరువైతుందని చెప్పులు ఇడిశి ముండ్లల్ల నడిశినం."

మరుసటి వారానికి మందం టైర్లు మళ్లీ ఎక్కాయి. బరువు మళ్లీ మొదటికి వచ్చింది. ఆ బరువుతోనే మెట్టు దగ్గరికి చేరింది. మోటారు పుణ్యమా అని దారంతా మాకన్నా ముందే. రొప్పుతూ వచ్చిన మేము చూస్తుండగా బండి కింద భుజం పెట్టి లేపింది. మోకాళ్లు దాటింది. నడుము దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. ముఖంలో రంగు పోయింది. మెల్లగా దించి, బండకు ఆనుకుని, మెడ మీద రెండు వేళ్లు పెట్టుకుని నాడి చూసుకుంది. భాయ్ తల తిప్పుకుని కొండల వైపు చూస్తున్నాడు. నాకు భయం వేసింది.

"అక్కా, నేను పట్టుకుంటాను. ఒక చెయ్యేగా."

"ఆపా, ఈ ఒక్కసారికి ఏం గాదులే" అన్నాడు భాయ్ కూడా, రూల్ పెట్టిన నోటితోనే. "మీరు మనోళ్లు గదా."

ఆవిడ తల అడ్డంగా ఊపింది. కోపం లేదు గొంతులో.

"నా కోసం రూల్ వంచితే నేను మీ జట్టుల మనిషిని గాదు భాయ్, సుట్టాన్ని. సుట్టానికి మర్యాదలు జేస్తరు, అంతే. మీరు పోండ్రి."

మేం వెళ్లాం. ఆ రోజు పైన ఎవరమూ ఎక్కువసేపు కూర్చోలేదు. దిగి వచ్చేసరికి ఆవిడ ఒక్కతే కింద వ్యాను నీడలో కూర్చుని ఉంది. బావగారికి చెప్పొద్దంది. కల్బా ఒడ్డున చాయ్ తాగుతున్నంతసేపూ సముద్రం వైపు వీపు పెట్టి కూర్చుంది. కింద నుంచి చూసే సముద్రం ఆవిడకు అక్కర్లేదు, నాకు అర్థమైంది.

తర్వాత కొన్ని వారాలు మాతో రాలేదు. మానేసిందనుకున్నారు అందరూ. నేనూ అనుకున్నాను. ఆ మధ్యలోనే మా పై అంతస్తు వాళ్లు ఊరికి ప్రయాణమయ్యారు. ఆవిడ వేలితో పెట్టె లేపి, "మూడు కిలోలు ఎక్కువుంది" అని తేల్చింది. ఏం తీసెయ్యాలి అని ఆ ఇల్లాలు దిగులు పడుతుంటే, "తీసెయ్యకు. ఇస్త్రీపెట్టె, ఆల్బమ్‌లు చేతి సంచిల ఏస్కో" అంటూ వాటిని లాగి బయట పెట్టింది. పెట్టి, ఇస్త్రీపెట్టె చేతిలో ఉండగానే అలాగే నిలబడిపోయింది. నేను పెట్టె మూత నొక్కుతూ ఉన్నాను.

"తమ్మీ, శుక్రవారం వ్యాన్ల జాగుందా?" అంది.

ఆ శుక్రవారం మెట్టు దగ్గర ఆవిడ బండిని బండకు ఆనించి, ముందు తాళం తిప్పింది. బ్యాటరీ ఊడి చేతిలోకి వచ్చింది. దాన్ని వీపు సంచిలో వేసి, సంచిని పక్కన రాయి మీద పెట్టింది. ముందు చక్రం ఇరుసు విప్పి, చక్రాన్ని సంచి పక్కన పెట్టింది. ఇప్పుడు బండి అంటే ఉత్త చట్రం, మోటారు, వెనక చక్రం. దాని కింద కుడి భుజం పెట్టింది. లేపింది. మోకాలు, నడుము, భుజం. ఒక్కో బండ మీద రెండు కాళ్లూ ఆనించి, ఊపిరి తీసుకుని, తర్వాతి బండకు కదిలింది. పైన పలక మీద బండిని పడుకోబెట్టింది. కాసేపు కూర్చుని మెడ మీద వేళ్లు పెట్టుకుంది. లేచి, కిందికి దిగింది.

"ఆపా, ఇది..." అన్నాడు భాయ్.

"ఏంది? ఎవరి బండి ఆళ్లే మొయ్యాలన్నవ్. మోస్తున్న. ఒక్కపారే మొయ్యాలని అన్నవా?"

భాయ్ గడ్డం గోక్కున్నాడు. "అనలేదాపా."

"డాక్టర్ సాబ్ గూడ ఒక్కసారిగా ఎత్తొద్దన్నడు. ఎత్తుతలేను."

"యల్లా ఆపా, యల్లా! కానియ్యండి" అని భాయ్ గట్టిగా నవ్వేశాడు. ఆయన కళ్లలో నీళ్లు నేను చూశాను. చూసినట్టు ఆయనకు చెప్పలేదు.

రెండో విడతకు సంచి వీపున, చక్రం చేత పట్టుకుని ఎక్కింది. పైన చక్రం బిగించింది, బ్యాటరీ టక్కుమని దాని గూట్లో పడింది. ఎక్కి కూర్చుని అంచు దాకా తొక్కింది. మేం వెళ్లేసరికి కాళ్లు చాపుకుని సముద్రం వైపు చూస్తోంది. గొప్ప మాటేదో అంటుందని ఎదురుచూశాను. సంచి విప్పి, "తినుండ్రి, సల్లారుతయ్" అంది.

మేం నెలల తరబడి బండిని ఎలా తేలిక చెయ్యాలా అని చూశాం. ఆవిడ బరువును తగ్గించడం మానేసి విడగొట్టింది. అది ఆవిడ రోజూ చేసే పనే, లగేజీ దగ్గర. ఆ తర్వాత జట్టులో ఇంకొందరు మోటారు బండ్లు కొన్నారు, భాయ్ కూడా. మెట్టు దగ్గర అందరిదీ ఒకటే పాట: ముందు బండి, తర్వాత బ్యాటరీ.

బావగారి ఉద్యోగం అయిపోయాక ఇద్దరూ వరంగల్‌కు మకాం మార్చారు. సామాను ఓడ మీద వెళ్లింది. బండికి ఇబ్బంది లేదు గానీ అలాంటి బ్యాటరీకి వేరే కాగితాలు కావాలి, నిప్పు భయం ఉన్న సరుకు అది. కార్గో వాడు "దుప్పట్లల్ల చుట్టి పెట్టెయ్యమ్మా, ఎవడు చూస్తడు" అన్నాడు. అక్క వాణ్ణి చూసిన చూపు నేను చూశాను.

"నడి సముద్రంల అంటుకుంటే ఎవడు ఆర్పుతడు? నీ అయ్యనా? జనుమంత గా కాయితాలు జేస్కుంటనే బతికిన. గిప్పుడు దొంగతనం జెయ్యాల్నా?"

బ్యాటరీని తెచ్చి నా చేతుల్లో పెట్టింది. "ముందు బండి పోతది. తర్వాత బ్యాటరీ. నేనే మల్లొస్త తమ్మీ, కాయితాలు జేపిచ్చి తీస్కపోత. సగమే చార్జి పెట్టు, నిండ పెట్టకు. కార్ల మర్శిపోకు, ఎండకు ఖరాబైతది." ఎయిర్‌పోర్టులో ట్రాలీ మీద చెయ్యి వేయబోతే నా చెయ్యి తీసేసి తనే తోసుకుపోయింది. అదే ఆఖరిసారి చూడటం. తర్వాత ఫోన్లలో "సగమేనా?" అని అడిగేది, హలో అనకముందే.

నిన్న శుక్రవారం. నాది మామూలు సైకిలే, మోటారు లేదు. అయినా బ్యాటరీని వీపు సంచిలో వేసుకుని వెళ్లాను. మెట్టు దగ్గర సంచి దించి రాయి మీద పెట్టి, ముందు నా సైకిల్ మోశాను. నడుము పట్టేసింది. కూర్చున్నాను, ఊపిరి తీసుకున్నాను, కిందికి దిగాను. భాయ్ సంచి మీద చెయ్యి వేసి, "ఇటియ్యబ్బా, నేను తెస్తాలే" అన్నాడు.

"వద్దు భాయ్."

ఆయన చెయ్యి తీసేశాడు. రెండో విడత ఎక్కాను. అంచున బ్యాటరీని పక్కన పెట్టుకుని కూర్చుంటే ఎండ దాని మీద పడుతోంది. తిడుతుందని టోపీ తీసి కప్పాను. భాయ్ వేరుశెనక్కాయలు తెచ్చాడు. ఉప్పు ఎక్కువైంది. అయినా తిన్నాం.

"ఇంక దీన్నేం చేస్తావబ్బా?" అన్నాడు భాయ్ తొక్కలు ఏరుతూ.

"పంపిస్తాను భాయ్."

"వాళ్లాయన వద్దన్నాడంటివే?"

బావగారు వద్దనే అన్నారు. ఇంకెవరు తొక్కుతారు, నువ్వే ఉంచుకో తమ్ముడూ అన్నారు. కానీ నేను ఆయన అనుమతి అడగలేదు. నాకు చెప్పాల్సినావిడ ఎప్పుడో చెప్పింది. వచ్చే వారం జెబెల్ అలీ వెళ్తాను. దుప్పట్లో చుట్టి కాదు, కాగితాల మీద దాన్ని బ్యాటరీ అనే రాయించి, ఎన్నిసార్లు తిప్పినా తిరిగి, ఓడ ఎక్కిస్తాను. బరువెంత అని అడుగుతారు. చూపుడు వేలితో లేపి, కళ్లు మూసుకుని చెబుతాను. నమ్మకపోతే కాంటా వేసుకోమంటాను.

బండి ముందే చేరింది కదా, బ్యాటరీ కోసం చూస్తుంటుంది.